బట్టీ పట్టించిన బడి మనకు మేలు చేసిందా, కీడు చేసిందా?

పలకా బలపం (చర్చ మొదలుపెట్టినది)

మా అమ్మాయి నాలుగో తరగతి. మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వెళితే, "మేం ఎక్కాలు బట్టీ పట్టించమండీ, కాన్సెప్టే చెప్తాం" అన్నారు టీచరు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మా నాన్నకు చిర్రెత్తింది. ఆ సాయంత్రం నుంచే మనవరాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పన్నెండో ఎక్కం అప్పజెప్పించుకుంటున్నారు. పిల్లకి ఏడుపు, మా ఆవిడకి కోపం, మధ్యలో నేను.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూరి బళ్ళో చదివాను, తొంభైల్లో. ఆఖరి పీరియడ్‌లో వేపచెట్టు కింద నిలబెట్టేవారు. ఒకడు ముందు చెబితే మిగతా అందరం గొంతు చించుకుని అరిచేవాళ్ళం, ఇరవయ్యో ఎక్కం దాకా. ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర ఫోను తియ్యకుండా లెక్క చెప్పేస్తాను. కానీ బడి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పదిహేడో ఎక్కం దగ్గర తడబడినప్పుడు కడుపులో తిప్పిన భయం. మీకెలా ఉందో చెప్పండి.

చివరి బెంచీ

కీడే. అందులో నాకు అనుమానం లేదు. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివాను, తెల్లారుజామున లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. అప్పట్లో ఫిజిక్స్ పేపరు 60 మార్కులు, అందులో ఎనిమిది మార్కుల ప్రశ్నలు రెండు రాయాలి. ఏవి వస్తాయో లెక్చరర్లే టిక్కు పెట్టి ఇచ్చేవారు. డెరివేషన్లు పద్యాల్లా వల్లె వేశాను. మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఒక సారు అదే డెరివేషన్ బోర్డు మీద రాసి, "ఈ మూడో లైను ఎందుకొచ్చింది?" అని అడిగారు. నేను నాలుగో లైను చెప్పాను! క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం రెండేళ్ళ చదువు గాలికి పోయినట్టు అనిపించింది.

కృష్ణ ఒడ్డు

చివరి బెంచీ గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ నా కథ తిరగేసి ఉంది.

తొమ్మిదిలో తెలుగు మాస్టారు "యమాతారాజభానసలగం" అని రోజూ పలికించేవారు. మాకది ఏదో మంత్రం. హోరెత్తించి చెప్పేవాళ్ళం, పరీక్షలో గణవిభజన చేసేసి మర్చిపోయాం. పాతికేళ్ళ తర్వాత మా అబ్బాయికి ఛందస్సు చెప్పబోయి ఆ మాట పైకి అన్నాను. అన్నాక ఆగిపోయాను. ఆ మాట తన అర్థం తనే చెప్పుకుంటోంది. ఏ గణం కావాలంటే ఆ అక్షరం నుంచి మూడు తీసుకోవడమే. "యమాతా" అంటే లఘువు, గురువు, గురువు, అదే యగణం. "మాతారా" మూడూ గురువులే, మగణం. చివరి "సలగం" రెండు లఘువులు, ఒక గురువు, సగణం. ఎనిమిది గణాలూ పది అక్షరాల్లో! నోటికి రాకపోయి ఉంటే ఆ రోజు నాకు దొరికేదే కాదు. అర్థం వెంటనే రావాలని ఏముంది?

చివరి బెంచీ

బాగుంది మేడమ్, నిజంగా. కానీ అది మీకు దొరికింది, పాతికేళ్ళకి. ఆ మాస్టారు ఒక్క పీరియడ్ కేటాయించి ఇదే ముక్క చెప్పి ఉంటే క్లాసు మొత్తానికీ అప్పుడే దొరికేది కదా.

మా క్లాసులో ఒకడు ఉండేవాడు. ఏదీ అప్పజెప్పలేడు, రోజూ గోడకుర్చీ. ఎనిమిదిలో మానేశాడు. ఇవాళ ట్రాక్టరు ఇంజను ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగిస్తాడు. అంతటి బుర్ర ఉన్నవాడు "నాకు చదువు అబ్బలేదురా" అంటాడు. బడి వాడికి మిగిల్చింది ఆ నమ్మకం ఒక్కటే. వాడి పేరు మీద కూడా లెక్క వెయ్యండి.

పాత సైకిల్

దెబ్బలు తిన్నాం కాబట్టే మనుషులమయ్యాం. ఇప్పటి పిల్లలకు భయం లేదు, అందుకే చదువూ లేదు.

లెక్కల పంతులమ్మ

పాత సైకిల్ గారూ, బళ్ళో పిల్లల్ని కొట్టడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కిందే నిషేధం. అది అలా ఉంచండి. దెబ్బకి భయపడే పిల్ల మనం చెప్పేది వినదు, మన చెయ్యి వంక చూస్తుంది. అక్కడికి పాఠం అయిపోయినట్టే.

నేను సర్కారు బళ్ళో చెప్తాను. రెండు వర్గాలతోనూ నాకు పేచీ ఉంది. ఐదో తరగతిలో భాగహారం చేస్తున్న పిల్ల ఏడు ఎనిమిదులు ఎంతో తెలియక వేళ్ళు లెక్కపెడుతుంటే, వేళ్ళు అయ్యేసరికి అసలు ఏం చేస్తోందో మర్చిపోతుంది. ఇది నేను వారానికి పదిసార్లు చూస్తాను. అందుకే పదో ఎక్కం దాకా నోటికి రావాల్సిందే అంటాను. పదిహేడో ఎక్కం మాత్రం నేను పట్టించను. పదిహేడు పదమూళ్ళు కావాలంటే గళ్ళ కాగితం మీద దీర్ఘచతురస్రం గీయిస్తాను. పది, ఏడు అని ఒక వైపు. పది, మూడు అని ఇంకో వైపు. నాలుగు ముక్కలొస్తాయి: 100, 30, 70, 21. కలిపితే 221. హైస్కూల్లో ఏ ప్లస్ బి, సి ప్లస్ డి గుణకారం వచ్చినప్పుడు ఆ పిల్లలకి ఆ బొమ్మే గుర్తొస్తుంది.

ఇక గైడులో జవాబు కంఠతా పట్టడాన్ని ఎక్కంతో ఒకే గాటన కట్టకండి. ఎక్కం ఇంకో పనికి పనిముట్టు. గైడు జవాబు పరీక్ష హాలు గుమ్మం దాటితే దేనికీ అక్కరకు రాదు.

పలకా బలపం

పంతులమ్మ గారు చెప్పిన గళ్ళ కాగితం రాత్రి మా నాన్నకి చూపించాను. చాలాసేపు చూసి, "ఇది మాకెవరూ చెప్పలేదురా" అన్నారు. అలాగని పూర్తిగా ఒప్పుకోలేదు లెండి. పదో ఎక్కం దాకా ఆయన దగ్గర, ఆపైన కాగితం మీద నా దగ్గర, అని ఒప్పందమైంది.

మా అమ్మాయి అంతా విని, "మరి నీకు పంతొమ్మిదో ఎక్కం వచ్చా నాన్నా?" అంది. ధీమాగా మొదలుపెట్టాను. పంతొమ్మిది ఏడుల దగ్గర ఆగిపోతే, వంటింట్లోంచి మా ఆవిడ అందించింది.