మహల్లా, మన మొహల్లా ఒకటేనా?

సభ్యులకు నమస్కారం.

పోయిన నెల ఇక్కడ ఉజ్బెకిస్తాన్ మీద ఒక వ్యాసం అనువాదం గురించి మాటలు నడిచాయి, గుర్తుండే ఉంటుంది. అందులో 'మహల్లా కమిటీ' అన్నచోట 'బస్తీ కమిటీ' అని పెడితే సరిపోతుందన్నాం. నేనూ తలూపాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మా చెల్లెలి కూతురు సమర్‌కంద్‌లో మెడిసిన్ చదువుతోంది. మొన్న వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. వాళ్ళ సందు మొదట్లో గోడకు కొట్టిన నీలం రేకు బోర్డు, అంచుల్లో తుప్పు. పైన ఏదో పేరు, కింద పొడి అక్షరాలు మూడు. "మావయ్యా, ఇక్కడ కూడా మొహల్లాలే, మన పాతబస్తీలో లాగా!" అని రాసింది. ఆ మూడు అక్షరాలను విప్పితే వచ్చేది 'మహల్లా ఫుకరోలర్ యిఘిని', అంటే మహల్లా పౌరుల సభ. రెండు రోజులు నాకు దాని మీదే ధ్యాస. భాషంటే ఇష్టం ఉన్నవాళ్ళకు ఆ మూడు మాటల్లో ఎంత సంగతి ఉందో చూడండి.

మహల్లా అరబ్బీ మాట. ప్రయాణంలో మూటలు విప్పి దిగిన చోటు అన్నది మూలార్థం. అదే ధాతువు నుంచి మన 'మహలు' వచ్చింది, ముడి విప్పినది కాబట్టి అనుమతి ఉన్నది అనే అర్థంలో 'హలాల్' కూడా వచ్చింది. ఆ మాట తుర్కీకి వెళ్ళి మహల్లె అయింది. ఫారసీ దారిలో ఉర్దూకు వచ్చి, హైదరాబాద్ గల్లీల్లో మొహల్లాగా స్థిరపడింది. ఇక్కడిదాకా మా అమ్మాయి చెప్పింది నిజమే, మాట ఒకటే.

రెండో మాట 'ఫుకరో' దగ్గర నేను ఆగిపోయాను. ఉజ్బెక్‌లో ఫుకరో అంటే పౌరుడు. పాస్‌పోర్టులో, రాజ్యాంగంలో పౌరుడికి వాడేది ఈ మాటే. దాని పుట్టుక అరబ్బీ 'ఫుకరా'. ఫకీరుకు బహువచనం! పేదసాదలు, ఏలేవాడి కింద ఉండే సామాన్య జనం అనే అర్థం నుంచి మెల్లగా పౌరుడి దాకా నడిచి వచ్చింది. పైగా అరబ్బీలో అది అప్పటికే బహువచనం, దానికి ఉజ్బెక్‌వాళ్ళు తమ 'లర్' ప్రత్యయం మళ్ళీ తగిలించారు. మనం 'లేడీస్‌లు' అన్నట్టే. మూడోదైన 'యిఘిన్' అచ్చమైన తుర్కీ, పోగవడం అని. అరబ్బీ, ఫారసీ, తుర్కీ మూడూ కలిసిన భాష కాబట్టి ఒక్క రేకు ముక్క మీద ఇంత చరిత్ర.

*

కరీంనగర్ మాస్టారు: బాగుందండీ. కానీ మాట ఒకటే అయినప్పుడు మొహల్లా అని రాయడానికి మీకు అభ్యంతరం ఏమిటి? తెలంగాణలో అందరికీ అర్థమవుతుంది కదా.

మాస్టారూ, అర్థమైపోతుందనే నా భయం. మన మొహల్లాకు ముద్ర ఉండదు. ఫలానా మొహల్లాలో ఉంటామంటే ఇల్లు ఎక్కడో తెలుస్తుంది, అంతే. ఉజ్బెక్ మహల్లాకు ఆఫీసు ఉంది, జీతం తీసుకునే మనిషి ఉన్నాడు, గుండ్రటి ముద్ర ఉంది.

సోవియట్ కాలంలోనే మహల్లా కమిటీలు ఉండేవి. 1991లో స్వతంత్రం వచ్చాక ఇస్లాం కరీమోవ్ ప్రభుత్వం ఆ పాత మాటను కొత్త దేశానికి గుర్తుగా ఎత్తిపట్టింది. రష్యన్ వాసన లేని మాట, తాతముత్తాతల మాట. 1992 రాజ్యాంగంలోనే మహల్లాకు చోటు ఇచ్చారు. సభ తన పెద్దను రెండున్నరేళ్ళకు ఎన్నుకోవాలని రాశారు. 1993లో దానికో చట్టం, 1999లో దాని సవరణ. 1994 నుంచి పేద కుటుంబాలకు ఇచ్చే సాయం మహల్లా చేతుల మీదుగా నడిచింది. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో పక్కింటివాళ్ళకే తెలుస్తుంది కదా అన్నది ఆలోచన. అది మంచి ఆలోచనేనని నేనూ అనుకుంటాను.

కానీ ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో తెలిసినవాడికి, ఏ ఇంటికి రాత్రిపూట ఎవరు వచ్చిపోతున్నారో కూడా తెలుస్తుంది. 1999 ఫిబ్రవరి 16న తాష్కెంట్‌లో బాంబులు పేలాయి. ఆ తర్వాత మహల్లాల్లో 'పోస్బోన్' అనే కాపలావాళ్ళను పెట్టారు. ఉర్దూ తెలిసినవాళ్ళు పట్టేస్తారు, అది పాస్‌బానే. గడ్డం పెంచినవాళ్ళ పేర్లు, నమాజు ఎక్కువగా చేసేవాళ్ళ పేర్లు జాబితాలకు ఎక్కాయి. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ఈ మహల్లా కమిటీల మీదే ఒక పెద్ద నివేదిక వేసింది. అదే 2003ను ప్రభుత్వం 'ఓబోద్ మహల్లా' సంవత్సరంగా జరుపుకుంది. ఓబోద్ అంటే మన ఆబాద్. హైదరాబాద్, ఆదిలాబాద్‌లలో ఉన్న ఆబాదే. కళకళలాడే మహల్లా అని అర్థం. ఒకే ఏడు, ఒకే మాట. ఒక కాగితంలో కళకళ, ఇంకో కాగితంలో భయం. దీన్ని 'మొహల్లా' అనేస్తే ఆ రెండో కాగితం తెలుగు పాఠకుడికి కనపడదు మాస్టారూ.

*

విజయవాడ నుంచి ఒక సభ్యురాలు: ఆబాద్ ఓబోద్ ఎలా అయింది? ఇంకా ఇలాంటివి ఉంటే చెప్పండి, మా స్టూడెంట్స్‌కి చెప్తాను.

తప్పకుండా మేడమ్. ఉర్దూ మాటల్లో మనం దీర్ఘంగా 'ఆ' అనేచోట ఉజ్బెక్‌వాళ్ళు 'ఓ'కు దగ్గరగా నోరు గుండ్రంగా తిప్పుతారు. ఈ ఒక్క కిటుకు పట్టుకుంటే సగం బోర్డులు చదివేయొచ్చు. చాయ్ 'చోయ్', చాయ్‌ఖానా 'చోయ్‌ఖోనా', ప్యాలా 'పియోలా', బజారు 'బోజోర్', జవాబు 'జవోబ్', బాబర్ 'బోబుర్'. మహల్లాలో ఉన్నది దీర్ఘం కాదు కాబట్టి అది మాత్రం మారలేదు.

రూపం దొరికినా అర్థం దొరకదు, అక్కడ జాగ్రత్త. 'హోజిర్' అంటే మన హాజరే, కానీ అక్కడ దాని అర్థం 'ఇప్పుడు'. 'తరిఖ్' మన తారీఖే, అక్కడ చరిత్ర. 'విలోయత్' అంటే రాష్ట్రం లాంటి పెద్ద విభాగం, మనకేమో విలాయతి అంటే సీమ సరుకు. విలోయత్‌ను ఏలేవాడు 'హోకిమ్'. హుకుం ఇచ్చేవాడన్నమాట, నాడి చూసే హకీం కాడు. హోకిమ్, హుకుం, హకీం మూడూ ఒకే ధాతువు పిల్లలే. వాళ్ళ పార్లమెంటు పేరు 'ఓలియ్ మజ్లిస్'. కూర్చోవడం అనే ధాతువు నుంచి మజ్లిస్ వచ్చింది, దాని నుంచే జల్సా వచ్చింది. ఉర్దూలో జల్సా అంటే సభ, తెలుగులోకి వచ్చేసరికి షికార్లు, విందులు అయిపోయింది. మాట ఊరు మారితే బతుకూ మారుతుంది. మహల్లా విషయంలో నేను మొదటినుంచీ చెప్తున్నదీ అదే.

*

గుంటూరు నుంచి ఒక తమ్ముడు: అన్నా, అక్కడ పత్తి బాగా పండుతుందంటారు. వాళ్ళు 'పఖ్తా' అంటారట, మన పత్తీ అదీ ఒకటేనా? పత్తికీ మహల్లాకీ ఏమైనా సంబంధం ఉందా?

తమ్ముడూ, పోలిక వినడానికే. ప్రత్తి మన ద్రావిడ మాట, తమిళంలో పరుత్తి, కన్నడంలో హత్తి. పఖ్తా ఫారసీ వైపు నుంచి వచ్చింది.

మహల్లాతో సంబంధం మాత్రం ఉంది. దానికి 'హషర్' అనే ఇంకో మాట చెప్పుకోవాలి. పదిమంది కలిసి కూలి లేకుండా ఒకరి పని చేసిపెట్టడం హషర్. ఇల్లు కట్టుకుంటుంటే వీధంతా వచ్చి మట్టి ఇటుకలు అందించేది. మా మేనకోడలు ఒక ఆదివారం చూసింది. పొద్దున్నే ఇంటావిడ తలుపు కొట్టి చేతికి చీపురు ఇచ్చిందట. వీధి పక్కన పారే పిల్లకాలువను అక్కడ 'అరిక్' అంటారు. ఆడవాళ్ళు ఆకులు ఊడుస్తుంటే, మగపిల్లలు ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి కాలువలో దిగి బురద ఎత్తిపోశారు. పదకొండింటికల్లా వీధి చివర పెద్ద కజాన్ మూకుడులో పలావు ఉడికింది, నూనెలో క్యారెట్ వేగిన వాసన సందంతా. భాష రాని ఈ పిల్లకు కూడా అందరితో పాటు ఒక పళ్ళెం. ఫోన్‌లో చెప్తున్నప్పుడు దాని గొంతులో ఎంత సంతోషమో. ఇక్కడ 'శ్రమదానం' అని తెలుగు చేస్తే నాకు సమ్మతమే.

కానీ ఏళ్ళ తరబడి సెప్టెంబరు వచ్చిందంటే ఇదే హషర్ పేరు మీద టీచర్లను, నర్సులను, విద్యార్థులను పత్తి చేలకు తోలారు. ఇంటికి ఒకరు రావాలని మహల్లా నుంచి కబురు వచ్చేది. రానివాళ్ళు డబ్బు కట్టాలి, లేకపోతే తమ బదులు ఇంకొకరిని పంపాలి. పిల్లల భత్యం కాగితం కూడా ఆ మహల్లా ఆఫీసులోనే ఉంటే, రానని ఎవరు అనగలరు? ఆ హషర్‌ను శ్రమదానం అంటే అబద్ధం అవుతుంది. మన భాషలో దానికి మాట ఉంది, 'వెట్టి'. ఏ గ్రామంలో ఎవరు చేయించారో గుర్తున్న మాట అది, తెలంగాణలో ఎవరికీ వివరించనక్కర్లేదు.

ఇప్పుడది చాలావరకు ఆగిపోయింది, అది కూడా చెప్పాలి. షవ్కత్ మిర్జియోయెవ్ అధ్యక్షుడయ్యాక 2020లో పత్తికి ప్రభుత్వం పెట్టే కోటా ఎత్తేశారు. 2021 పంటలో వ్యవస్థగా సాగే వెట్టి లేదని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పింది. ఈ వెట్టి వల్ల ఉజ్బెక్ పత్తిని కొనొద్దని కాటన్ క్యాంపెయిన్ అనే కూటమి ఇచ్చిన బహిష్కరణ పిలుపును కూడా 2022 మార్చిలో ఉపసంహరించుకున్నారు. చేలలో వంగిన ఆ నడుములు గుర్తొస్తే నిజంగా మంచి వార్త అనిపిస్తుంది.

*

వ్యాసం అనువదించిన సభ్యురాలు: సర్, 'ఓక్సోకోల్' అన్నచోట నేను 'కమిటీ చైర్మన్' అని రాశాను. అదీ మార్చాలా?

మార్చండమ్మా. ఓక్ అంటే తెల్లని, సోకోల్ అంటే గడ్డం. 'తెల్లగడ్డం' అంటే వాడకట్టు పెద్ద. కాగితాల మీద 'రయిస్', అంటే అధ్యక్షుడు, అని ఉంటుంది, కానీ జనం నోట ఓక్సోకోలే. ఆ పదవిలో ఆడమనిషి ఉన్నా ఓక్సోకోల్ అనే అంటారు. మన 'పెద్దమనిషి' చక్కగా కుదురుతుంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మొగుడూ పెళ్ళాల తగువు వస్తే మనం 'పెద్దమనుషుల్లో పెట్టారు' అంటాం కదా, అక్కడా అచ్చం అదే జరుగుతుంది. విడాకులకు పోయేవాళ్ళను ముందు మహల్లా రాజీ కమిషన్ ఎదుట కూర్చోబెట్టడం అక్కడి అలవాటు. మొగుడు కొడుతున్నాడని వచ్చిన అమ్మాయికి 'ఓర్చుకో తల్లీ, పిల్లల ముఖం చూడు' అని సర్దిచెప్పి మళ్ళీ ఆ ఇంటికే పంపిన కథలు 2001లోనే నివేదికలకు ఎక్కాయి. మన ఊళ్ళలో ఆ మాటలు వినని ఆడపిల్ల ఉందా? తేడా ఒకటే. మన పెద్దమనిషి మాట గాలిలో పోతుంది, అక్కడి పెద్దమనిషి మాట కాగితం మీద ముద్రతో కోర్టుకు వెళ్తుంది. భార్యను కొట్టడాన్ని అక్కడ విడిగా నేరంగా చట్టంలో పెట్టింది 2023లో.

ఆ ఏడాదే రాజ్యాంగమూ మార్చారు. మహల్లాలు ప్రభుత్వ అధికార వ్యవస్థలో భాగం కావని అందులో రాశారు. 2024 నుంచి మాత్రం ప్రతి మహల్లాలో 'మహల్లా ఏడుగురు' అని ఒక బృందం పనిచేస్తోంది. పెద్ద, హోకిమ్ సహాయకుడు, యువత నాయకుడు, మహిళా కార్యకర్త, సామాజిక కార్యకర్త. వాళ్ళ పక్కనే పోలీసు ఇన్‌స్పెక్టరు, పన్నుల ఇన్‌స్పెక్టరు. దేశంలో ఇలాంటి మహల్లాలు తొమ్మిది వేలకు పైనే. ఇది వాడా, ఆఫీసా? రెండూనూ. అందుకే బస్తీ, వాడ, పేట, మొహల్లా, ఏదీ చాలదు. మీ రెండో పేరాలో 'మహల్లా' అని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట 'వాడే ప్రభుత్వ ఆఫీసు కూడా అయిన చోటు' అని ఒక్క ముక్క కలపండి. పాఠకుడికి తర్వాత టెన్షన్ ఉండదు.

*

అదే సభ్యురాలు: సరే సర్. చివర్లో సామెత ఉంది, 'బిర్ బొలగ యెత్తి మహల్లా హమ్ ఓతా, హమ్ ఓనా'. అక్కడ?

ఒక బిడ్డకు ఏడు మహల్లాలూ తండ్రే, తల్లే అని కదా. ఈ ఒక్కచోట మాత్రం 'వాడ' అనే రాయండమ్మా. ఆ మాట పుట్టినప్పుడు ముద్ర లేదు, జాబితా లేదు. పడుకోని పిల్లను ఎత్తుకుని పక్కింటి అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళు ఉన్నారు. 'ఓతా, ఓనా' వరసను మాత్రం మనకు అలవాటైన పద్ధతికి తిప్పుకోవచ్చు: 'ఒక్క బిడ్డకు ఏడు వాడలూ అమ్మే, నాన్నే.'