సమస్య: గుడ్లగూబ మకారమై కులుకుచుండె (తేటగీతి)

నిర్వాహకుడు: చివరి పాదం ఇచ్చాను, ముందు మూడూ మీరు పూరించండి. దారి ఈజిప్టు వైపు: అక్కడి పాత చిత్రలిపిలో గుడ్లగూబ బొమ్మ 'మ' ధ్వనికి గుర్తు.

గట్టుమీది కవి:
శిలల చెక్కిన బొమ్మలు చిత్రలిపియె
నైలు తీరాన పలికించె నరుల నోళ్ళు
ముక్కు సూటిగ మనవైపె మొగము త్రిప్పి
గుడ్లగూబ మకారమై కులుకుచుండె

నిర్వాహకుడు: మూడో పాదం బంగారం! ఆ లిపిలో మిగతా పక్షులు పక్కకు చూస్తుంటే, గుడ్లగూబ మాత్రం ఒళ్ళు పక్కకుంచి మొహం మనవైపు తిప్పుతుంది. చూసి రాసినట్టున్నారు.

కొత్త కలం: గురువుగారూ, నాదీ చూడండి.
రాతి గోడలు విడనాడి రయముతోడ
యూనికోడను వీధిలో నిల్లు కట్టి
జీ పదేడను పేరుతో చేరి నిలిచి
గుడ్లగూబ మకారమై కులుకుచుండె

నిర్వాహకుడు: ఊహ బాగుంది నాయనా. ఆ లిపి గుర్తులను వరుసలుగా విడదీసిన గార్డినర్ పట్టికలో 'జీ' వరుస పక్షులది, అందులో 17 గుడ్లగూబ. కానీ 'రయముతోడ' ఏమిటి? 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ లిపి గుట్టు విప్పినా, కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 1071 గుర్తులకు చోటు దొరికింది 2009లో! 'వేల యేండ్లకు రాతిని విడిచి వచ్చి' అనండి. రెండో పాదంలో యతి తప్పింది. యూకారానికి ఇకారం చెల్లదు. 'నిల్లు కట్టి' బదులు 'నునికి పొంది' అంటే సరి.

కొత్త కలం: సవరించుకుంటాను గురువుగారూ. యతి అంటేనే టెన్షన్.

వ్యాకరణప్రియ: తప్పు సమస్యలోనే ఉంది కదండీ! ఆ లిపిలో అచ్చులు రాయరు. గుడ్లగూబ పలికేది పొల్లు 'మ్' మాత్రమే, మకారం కాదు.

నిర్వాహకుడు: ఒప్పుకున్నానమ్మా. పొల్లుతో పాదం కట్టబోతే గణాలు నన్ను కొట్టాయి. పరిహారంగా నా పూరణ:
ఒకరి ప్రక్కన నొక్కరే యుండు వరుస
విడిచి, యొకదాని నెత్తిపై వేరొకటిగ
పేర్చు విద్యను నేర్చిన పిదప నేడు
గుడ్లగూబ మకారమై కులుకుచుండె

గట్టుమీది కవి: పేర్చడమేమిటి మాస్టారూ?

నిర్వాహకుడు: రాతిమీద గుర్తులు ఒకదానిపై ఒకటి, చదరాలుగా సర్దుకుంటాయి. 2009 నాటి కోడ్‌లో మాత్రం రైలుపెట్టెల్లా బారుగానే వచ్చేవి. పేర్పును చెప్పే అదుపు గుర్తులు 2019లో వచ్చాయి. మన వత్తు అక్షరం కిందికి దిగడానికి టైపు చేసేటప్పుడు నడుమ పొల్లు గుర్తు పెడతాం చూడండి, ఇంచుమించు అలాంటి ఏర్పాటే. 2024లో ఇంకో 3995 గుర్తులు చేరాయి.

వ్యాకరణప్రియ: 'ఒకరి' అన్నాక 'ఒకదాని' ఎందుకు? మనుషులా, గుర్తులా?

నిర్వాహకుడు: మళ్ళీ దొరికిపోయాను.

కొత్త కలం: గురువుగారూ, నా ఫోన్‌లో గుడ్లగూబ బదులు ఖాళీ డబ్బా కనిపిస్తోంది.

గట్టుమీది కవి: ఆ లిపి బొమ్మలున్న నోటో ఫాంటు వేసుకో తమ్ముడూ. డబ్బా కులకదు.