కువైట్ బతుకు, మన జిల్లా బతుకు: అక్కడ ఉండి వచ్చినవారు చెప్పండి

చంద్రగిరి వాసి

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఐటీఐ పూర్తిచేసి తిరుపతిలోని ఒక దుకాణంలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో ఉద్యోగం దొరికేలా ఉంది. మరోవైపు ఒక ఏజెంటు కువైట్ వీసా సిద్ధంగా ఉందని రోజూ ఫోన్ చేస్తున్నాడు. తమ్ముడికి భార్య, చంటిబిడ్డ ఉన్నారు. జీతం సంగతి ఏజెంటే చెబుతున్నాడు కాబట్టి, అక్కడి ఎండ, నీళ్లు, వైద్యం, మనిషికి దొరికే మర్యాద మన దగ్గరితో పోలిస్తే ఎలా ఉంటాయో అక్కడ బతికినవారు చెప్పాలని కోరుతున్నాను. భార్యాబిడ్డలను వెంట తీసుకుపోవడానికి వీలవుతుందా అన్నది మాకు అన్నిటికంటే ముఖ్యం.

పీలేరు డ్రైవర్

దేశం గురించి అడిగే ముందు వీసా గురించి అడగాలి అన్నా. కువైట్‌లో 18వ నంబరు వీసా మీద కంపెనీలో పనిచేసేవాడికీ, 20వ నంబరు వీసా మీద ఒకరి ఇంట్లో పనిచేసేవాడికీ ఉన్న తేడా చాలా పెద్దది. నేను 20వ నంబరు మీద వెళ్లి ఒక ఇంట్లో కారు నడిపాను. ఇంటిపనివారి కోసం 2015లో అక్కడ తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికొక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. నేనున్న ఇంట్లో ఈ మూడూ అమలు కాలేదు. తెల్లవారుజామున పిల్లలను బడికి దింపడంతో మొదలైన పని, అర్ధరాత్రి పెద్దాయనను దివానియా (మగవాళ్లు కూడి కబుర్లాడుకునే చావిడి) నుంచి ఇంటికి చేర్చాక గానీ ముగిసేది కాదు.

అయినా ఒక మాట చెప్పి తీరాలి. గడ్డి కూడా మొలవని ఆ ఎడారిలో నా గదికి కుళాయి నీళ్లు ఏనాడూ ఆగలేదు. ఇక్కడ మా ఇంట్లో ఆడవాళ్లు ఇప్పటికీ బిందెలు వరుసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నారు. రెండు దేశాల మధ్య నాకు కనిపించిన అసలైన తేడా అదే.

పుంగనూరు రైతు

ఈ పోలికను నేను ఒప్పుకోను. చమురు అమ్మిన డబ్బుతో, ఆ చమురునే మండించి సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకునే దేశాన్ని, వెయ్యి అడుగులు బోరు వేసినా తడి మట్టి కూడా పైకి రాని మా పడమటి మండలాలతో ఎలా పోలుస్తారు? వేసిన బోర్లన్నీ ఎండిపోయి, అప్పు మాత్రం మిగిలిన రైతులు మా ఊళ్లో ఇంటికొకరు ఉన్నారు. మేము కుళాయి నీళ్ల కోసం అడగడం లేదు, టమోటా పంట చేతికొచ్చేదాకా నిలిచే నీళ్లు అడుగుతున్నాము. కువైట్‌లో వ్యవసాయం ఎంత? వాళ్ల నీటి లెక్కలో రైతు ఎక్కడ ఉన్నాడు?

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, చిత్తూరు

ఉద్యోగ జీవితమంతా ఈ జిల్లా చెరువులు, కాలువల మీదే గడిపినవాణ్ని కాబట్టి ఈ విషయంలో కొంత అధికారంతోనే మాట్లాడుతున్నాను. కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి చిత్తూరు జిల్లా విస్తీర్ణం 15,152 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 41 లక్షలకు పైమాటే. కువైట్ జనాభా కూడా ఇప్పుడు 50 లక్షలకు దగ్గరగా ఉంది. అంటే నేల పరంగా, జనం పరంగా ఈ రెండూ ఇంచుమించు సమానం. అక్కడ ఏడాదికి కురిసేది దాదాపు 110 మిల్లీమీటర్లు, మనకు కురిసేది సుమారు 900 మిల్లీమీటర్లు. ఎనిమిది రెట్లు వాన పడే చోట ట్యాంకర్లు తిరుగుతుంటే, నది అన్నదే లేని చోట కుళాయిలు పారుతున్నాయి.

ఒకప్పుడు కువైట్ ప్రజలు పొరుగున ఇరాక్‌లోని షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చిన నీటిని కొనుక్కుని తాగేవారు. 1950ల్లో సముద్రపు నీటిని శుద్ధిచేసే కేంద్రాన్ని కట్టుకున్నారు. ఆ తరువాత తమ తీరంలోనే ఉన్న దోహా, షుయైబా, అజ్‌జూర్, సబియా వంటి చోట్ల విద్యుత్ కేంద్రాన్నీ నీటి కేంద్రాన్నీ ఒకేచోట జోడించి, కరెంటు తయారీలో మిగిలిన ఆవిరితోనే ఉప్పునీటిని మరిగించే పద్ధతిని విస్తరించారు. డబ్బు ఉండటం ఒక్కటే కారణమైతే, చమురు ఉన్న దేశాలన్నిటిలోనూ నీళ్లు ఇలాగే అందాలి. అలా అందడం లేదు. వాళ్లు ముందుచూపుతో కట్టుకుని, కట్టినదాన్ని కాపాడుకుంటున్నారు. మనకు పూర్వులు ఇచ్చిన గొలుసుకట్టు చెరువులు వేలల్లో ఉన్నా, వాటిలో పూడిక తీయలేదు, సప్లై ఛానళ్లను ఆక్రమణల నుంచి కాపాడుకోలేదు.

పుంగనూరు రైతు

సార్, కాపాడుకోలేదని ఎవరిని అంటున్నారు? పూడిక తీయడానికి నిధులు మంజూరు చేసింది, బిల్లులు చేసింది, కొలతల పుస్తకంలో సంతకాలు పెట్టింది రైతులు కాదు. మా చెరువు తూము విరిగి ఎన్నేళ్లయినా, అర్జీ పట్టుకుని మేము తిరగని మెట్టు లేదు. కురిసిన 900 మిల్లీమీటర్లలో తూర్పు మండలాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే తుపాను వాన ఎంతో, మా పడమటి వైపు పడేది ఎంతో విడదీసి చెప్పండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నీళ్లలో మాకు ఏమి దక్కింది? జిల్లా సగటు చెప్పి మా నోరు మూయించకండి.

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, చిత్తూరు

సగటు చెప్పడం నోరు మూయించడం కాదు. మీ వైపు నేల కింద గ్రానైటు రాయి, పగుళ్లలో నిలిచే కాస్త నీరే భూగర్భజలం. దాన్ని అందరూ పోటీపడి తోడేశారు. చమురు మండించి నీరు చేసుకోవడం తప్పని మీరంటున్నారు కదా, హంద్రీ-నీవా నీరు మీదాకా ఎలా వస్తోంది? శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని మెట్టు మీద మెట్టుగా మోటార్లతో ఎత్తిపోసి, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా తెస్తున్నాము. 2025 ఆగస్టులో ఆ నీరు కుప్పం దాకా చేరింది. దానికీ కరెంటే కావాలి. కువైట్ చేసినది వృథా అయితే, మనము చేసినది కూడా వృథా అనాలి. రెండూ అవసరమేనని నా అభిప్రాయం.

పుంగనూరు రైతు

కృష్ణా నీటిని వృథా అని నేను అనలేదు, అనను కూడా. ఆ కాలువ కోసం ఎదురుచూస్తూ ఒక తరం వెళ్లిపోయింది. సంతకం పెట్టే అధికారం ఉన్నప్పుడు మాట్లాడనివారు, పింఛను తీసుకుంటూ మాకు పాఠం చెప్పడమే నాకు బాధ కలిగిస్తోంది.

నిర్వాహకుడు

ఇద్దరికీ విన్నపం. వ్యక్తుల ఉద్యోగాల మీద, పింఛన్ల మీద మాటలు వద్దు. చంద్రగిరి వాసి అడిగిన ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

తిరుపతి నర్సమ్మ

నేను కువైట్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. కువైట్ పౌరుడికి వైద్యం ఉచితం, చదువు విశ్వవిద్యాలయం దాకా ఉచితం, జీతం మీద ఆదాయపు పన్ను లేదు. మానవాభివృద్ధి సూచీలో ఆ దేశం 0.85 దాటిందనీ, మన దేశం 0.685 దగ్గర ఉందనీ చదివి చాలామంది అక్కడ అడుగుపెట్టగానే తమ బతుకు కూడా ఆ మేరకు మెరుగవుతుందని అనుకుంటారు. ఆ దేశంలో ఉన్నవారిలో మూడింట రెండు వంతులు పరాయి దేశాలవారే. మనవాళ్లు ఆరోగ్య బీమా సొమ్ము కట్టాలి, ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా రుసుము కట్టాలి. జ్వరం వచ్చినా రుసుముకు, జీతం కోతకు భయపడి, ముదిరాక మాత్రమే వచ్చిన కూలీలను నా చేతులతో పడక మీద పడుకోబెట్టాను. అదే మనిషి ఇక్కడ ఉంటే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఉచిత వైద్య పథకం ఉంది, తిరుపతిలోనే రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది. వరుసలో నిలబడాలి, విసుగు పడాలి, కానీ అతను వచ్చి అడిగే హక్కు ఉన్న చోటు అది.

నివాసం గురించి కూడా చెప్పాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. ఆ రోజు నుంచి, ఎవరైనా కువైట్ వెళ్తున్నామంటే, గదిలో ఎంతమంది ఉంటారు, మెట్ల దారి తెరిచి ఉంటుందా, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడతారు అని ముందు అడగమంటున్నాను.

శ్రీసిటీ ఉద్యోగి

నర్సమ్మ గారు చెప్పినది అక్షరాలా నిజం. మా తరానికి కువైట్ ఒక్కటే దారి కాదు. శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి, 2023 నుంచి డైకిన్ ఏసీలు తయారవుతున్నాయి. ఏసీ పని తెలిసిన కుర్రవాడికి సొంత జిల్లాలోనే చోటుంది. పీఎఫ్ ఉంది, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ ఉంది, సాయంత్రానికి బిడ్డ ముఖం చూడవచ్చు. నేను మా ఊరి నుంచి కంపెనీ బస్సులో వెళ్లి వస్తూనే చెల్లెలి పెళ్లి చేశాను. ఈ మాట గర్వంగా చెబుతున్నాను.

పీలేరు డ్రైవర్

తమ్ముడూ, నీ గర్వాన్ని గౌరవిస్తాను. కానీ కర్మాగారంలో చేరినవాళ్లందరికీ నీలాగా పర్మనెంటు ఉద్యోగం దొరకడం లేదు. కాంట్రాక్టరు కింద చేరి, ఆర్డర్లు తగ్గగానే ఇంటికి వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. ఒక్క దీనారు 270 రూపాయలకు పైగా పలుకుతోంది. కంపెనీ వీసా మీద నిజమైన జీతం దొరికితే, అక్కడి 2010 కార్మిక చట్టం ప్రకారం రోజుకు 8 గంటల పని, మానేసి వచ్చేటప్పుడు సర్వీసు సొమ్ము కూడా ఉంటాయి. పీలేరు నుంచి రాయచోటి దాకా రోడ్డుకు అటూ ఇటూ లేచిన మిద్దెల్లో కువైట్ చెమట ఎంత ఉందో ఒకసారి చూడు.

వాయల్పాడు ఇల్లాలు

ఆ మిద్దెల్లో ఒకదానిలో నేను ఉంటున్నాను. మా ఆయన పంపిన డబ్బుతోనే ఇల్లు కట్టాము, అమ్మాయిని ఇంజినీరింగ్ చదివించాము, అత్తగారి గుండె ఆపరేషన్ చేయించాము. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మాకున్న రెండెకరాల మీద అయ్యేది కాదు. అందుకు ఆ దేశానికి నేను రుణపడి ఉన్నాను. కానీ అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడూ, మామగారు పోయినప్పుడూ ఆయన ఫోన్‌లో మాత్రమే ఉన్నారు. చంద్రగిరి వాసి గారి మరదలు ఏమంటోందో ఇక్కడ ఒక్కరూ అడగలేదు. బిడ్డను ఒంటరిగా పెంచేది ఆమె, ముందు ఆమెను అడగండి.

తిరుచానూరు పెద్దాయన

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు నేను కువైట్ నగరంలోనే ఉన్నాను. బ్యాంకులో ఉన్న సొమ్ము, గదిలో ఉన్న సామాను వదిలిపెట్టి, బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి మన ప్రభుత్వం నడిపిన విమానంలో వచ్చాను. అప్పట్లో దాదాపు 1,70,000 మందిని అలా తెచ్చారు. 1976లోనే భావితరాల కోసమని ప్రభుత్వ రాబడిలో పదోవంతు పక్కనపెట్టడం మొదలుపెట్టిన దేశం కాబట్టి, యుద్ధం తరువాత కువైట్ త్వరగా లేచి నిలబడింది. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సంపన్న దేశంలో ఉన్నంత మాత్రాన ఆ సంపద మనకు రక్షణ కాదు. మనల్ని వెనక్కి తెచ్చింది మన దేశం.

విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, చిత్తూరు

పెద్దాయన మాటతో ఏకీభవిస్తూనే ఒక్క సవరణ చేస్తాను. అక్కడి నీరు, కరెంటు కూడా దిగులు లేనివి కావు. తలసరి నీటి వాడకం ప్రపంచంలోనే ఎక్కువగా ఉన్న దేశాల్లో కువైట్ ఒకటి, ధర నామమాత్రం కాబట్టి పొదుపు లేదు. 2024 జూన్‌లో గిరాకీ తట్టుకోలేక వేళలు ప్రకటించి కరెంటు కోతలు పెట్టారు. పుంగనూరు రైతు గారు గమనించాలి.

పుంగనూరు రైతు

గమనించాను. మా తూము సంగతి మాత్రం మీరు ఇంకా చెప్పలేదు.

చంద్రగిరి వాసి

అందరికీ ధన్యవాదాలు. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన కాగితంలో 20వ నంబరు అని ఉంది. పని మాత్రం ఏసీ మెకానిక్ అనే చెబుతున్నాడు, లక్షన్నర అడుగుతున్నాడు. తరువాత 18కి మార్చుకోవచ్చని అంటున్నాడు.

పీలేరు డ్రైవర్

ఆ మాట నమ్మవద్దు అన్నా. 20 నుంచి 18కి మారడానికి 2024లో జూలై మధ్య నుంచి సెప్టెంబరు దాకా మాత్రం ఒక అవకాశం ఇచ్చారు, అది కూడా యజమాని ఒప్పుకుంటేనే. ఇంటి వీసా మీద వెళ్లి బయట మెకానిక్ పని చేస్తూ పట్టుబడితే పంపించివేస్తారు. అనుమతి ఉన్న ఏజెంటు జీఎస్టీ కాక 30,000 రూపాయలకు మించి తీసుకోకూడదని మన నిబంధన. లక్షన్నర అడిగాడంటే అతని పేరు ప్రభుత్వ అనుమతి ఉన్న ఏజెంట్ల ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. కుటుంబం సంగతి అడిగారు కదా, కుటుంబ వీసాలు 2024 జనవరిలో మళ్లీ తెరిచినప్పుడు నెలకు 800 దీనార్ల జీతం ఉండాలన్నారు. మెకానిక్ జీతం ఆ దరిదాపులకు కూడా రాదు. ఎండ గురించి కూడా చెబుతాను. 2016లో కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఏసీ పని ఎక్కువగా మిద్దె మీదే ఉంటుంది కాబట్టి, కంపెనీ దాన్ని పాటిస్తుందో లేదో అక్కడ పనిచేస్తున్నవారిని అడిగి తెలుసుకోవాలి.

తిరుపతి నర్సమ్మ

ఇంకొక ప్రశ్న. మీ తమ్ముడికి ఎప్పుడైనా క్షయ వచ్చి తగ్గిందా? ఊపిరితిత్తుల మీద పాత మచ్చ ఉన్నా వీసా వైద్య పరీక్షలో పనికిరాడని రాసే అవకాశం ఉంది. ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకముందే రుయాలో ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

చంద్రగిరి వాసి

చిన్నప్పుడు మందులు వాడాడు అక్కా. సోమవారం తీసుకువెళ్తాను. శ్రీసిటీ ఇంటర్వ్యూ బుధవారం ఉంది, దానికి కూడా వెళ్లమని చెప్పాను. మరదలిని కూర్చోబెట్టి ఈ రాత్రే అడుగుతాను.