‘చిత్రిక పట్టడం’ అంటే చిత్రించడమేనా?

ప్రశ్న:
ఈమధ్య పుస్తక సమీక్షల్లో ‘కరువును చిత్రిక పట్టిన నవల’, ‘ఆడవాళ్ల బాధలను చిత్రిక పట్టిన కథలు’ లాంటి వాక్యాలు తెగ కనబడుతున్నాయి. చిత్రించడం, చిత్రిక పట్టడం ఒకటేనా? వడ్రంగం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తిరుపతి నుంచి జవాబు:
ఒకటి కాదండీ. చిత్రిక వడ్రంగి పనిముట్టు. కొయ్య దిమ్మలో పదునైన ఇనుప పలకను ఏటవాలుగా బిగించి ఉంటారు. చెక్క మీద పెట్టి తోస్తే పైపొరను పలచగా లేపుతుంది. తోపడ అన్నా ఇదే, హైదరాబాదు వైపు రందా అన్నా ఇదే. తమిళంలో ఇళైప్పుళి అంటారు, దాని చివర ఉన్నది మన ఉలే.

కరెంటు మిషన్ల జోలికి పోకుండా, ఉలి మీద కొట్టే కొయ్యసుత్తి ఒకటి చేసుకుంటా ఉన్నాను. ఇనుప సుత్తితో కొడితే ఉలి పిడి చిట్లిపోతుంది, అందుకని ఇది. సుత్తి తలకు చింత చెక్క తీసుకున్నాను. మన మటన్ కొట్ల ముందర ఉండే మొద్దులు చూడండి, ఎక్కువగా చింతవే ఉంటాయి. అన్ని కత్తి దెబ్బలకు ఓర్చుకునే చెక్క ఇంకొకటి వెతకాల్సిన పని లేదు.

తల ఆరంగుళాల పొడవు, నాలుగు ఎత్తు, మూడు మందం అనుకుంటే రంపంతో సరిగ్గా అంతకే కోయకూడదు. ప్రతి పక్కా చిత్రికకని కొంచెం వదిలి కోయాలి. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చిత్రిక పడితే కొలత తగ్గుతుంది! వంకరగా, గరుగ్గా, ఎక్కువగా ఉన్నదాన్ని తీసేయడమే ఆ పని. అందుకే ‘కవితను చిత్రిక పట్టాడు’ అంటే ఒప్పుకుంటాను. అక్కర్లేని మాటలు తీసేసి నున్నగా చేశాడని అర్థం. ‘కరువును చిత్రిక పట్టిన నవల’ అంటే మాత్రం ఆ నవల కరువును గీకి తగ్గించిందని అర్థం వస్తుంది. అంత మేలు చేసే నవల ఉంటే మా జిల్లాకు నాలుగు కాపీలు పంపండి.

ఇంకో సంగతి. చింత చెక్కలో నార ఒకే వైపు నడవదు, అల్లుకుని ఉంటుంది. ఎడమ నుంచి తోస్తే ఒక చోట అద్దంలా వస్తుంది, జానెడు దూరం పోయేసరికి నార లేచి పెచ్చులు ఊడుతుంది. అప్పుడు చెక్కను తిప్పి ఎదురు వైపు నుంచి పట్టాలి. పలకకు పదును తగ్గితే అదీ కుదరదు. చుట్టలు చుట్టుకుంటూ రావాల్సిన పొట్టు పొడిగా రాలుతుంది. తల రెండు చివరలూ, అంటే ఉలికి తగిలే ముఖాలు, మరీ మొండివి. అక్కడ అటు చివరిదాకా తోసేస్తే అంచు చిట్లుతుంది, రెండు వైపుల నుంచీ మధ్యకు రావాలి. ఆ ముఖాలను కాస్త వాలుగా తీస్తారు. మోచేతిని ఆనించి కొట్టేటప్పుడు ముఖం ఉలి నెత్తిన సమంగా పడాలి కదా.

పిడి దూర్చే బెజ్జం కింద ఇరుకుగా, పైన కాస్త వెడల్పుగా ఉండాలి. పిడినీ అదే వాలుతో చెక్కి పైనుంచి దించితే, కొట్టే కొద్దీ తల బిగుసుకుంటుందే కానీ ఊడి ఎగరదు. చీల అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు.

పలమనేరు నుంచి:
మాకు కన్నడం పక్కనే కాబట్టి కొయ్యసుత్తిని కొడతి అనడం వింటుంటాం. తమిళంలో కొట్టాప్పుళి. నాదొక సందేహం. ‘చిత్రిక’కు ‘పట్టు’ ఎందుకు? ‘చిత్రిక వేయడం’ అనవచ్చు కదా?

తిరుపతి నుంచి జవాబు:
‘సాన పట్టడం’ ఉంది కదా, దాని తోబుట్టువే ఇది. పనిముట్టును వస్తువుకు ఆనించి రాపిడితో చేసే పనికి ‘పట్టు’ వస్తుంది. పనిలోనూ ఈ రెండూ జంటే. ముందు పలకను సాన పట్టాలి, తర్వాత చెక్కను చిత్రిక పట్టాలి. ‘బుద్ధికి సాన పట్టడం’ అని రాసేటప్పుడు ఎవరూ పొరబడరు, ఎందుకంటే సాన ఇంకా అందరి కళ్ల ముందూ ఉంది. చిత్రికను చూసినవాళ్లు తగ్గిపోయారు. చిత్రం అన్న మాట పక్కనే వినబడుతోంది. దాంతో రెండూ కలిసిపోయాయి.

చిత్తూరు నుంచి:
ఇంతమంది రాస్తున్నప్పుడు అదే అర్థం అయిపోతుంది సార్. భాష మారకుండా ఉంటుందా?

తిరుపతి నుంచి జవాబు:
మారనీ, నేను అడ్డంపడను. కానీ బేరం ఏంటో చూడండి. చూపించడానికి మనకు చిత్రించడం ఉంది, చిత్రీకరించడం ఉంది, కళ్లకు కట్టడం ఉంది, రూపు కట్టించడం ఉంది. రాసినదాన్ని పొర పొరగా తీసి నున్నగా చేయడానికి ఇంత ఒడుపైన మాట ఇదొక్కటే. దీన్నీ అటే తోసేస్తే, ఎడిటర్ చేసే పనికి ఏం మాట వాడతారు? ‘ఎడిట్ చేయడం’ అనే అంటారు, ఇప్పటికే అంటున్నారు.

‘చేవ’కు ఈ గతి పట్టలేదు. చేవ అంటే చెట్టు నడిమి గట్టి భాగం. ‘చేవ ఉన్న రచన’ అని చెట్టు ముఖం చూడనివాళ్లు రాసినా సరిగ్గానే రాస్తారు. ఏ మాట నిలుస్తుందో, ఏది జారుతుందో ముందే చెప్పలేం.

పలమనేరు నుంచి:
తిరుపతిలో ఉండి చింత చెక్క ఏంది సామీ, ఎర్రచందనంతో చేయకూడదా?

తిరుపతి నుంచి జవాబు:
చేయొచ్చు. తర్వాత టాస్క్‌ఫోర్స్ వాళ్లు నన్ను చిత్రిక పడతారు.

చింత చాలండీ, సామిల్లులో అడిగితే ముక్క దొరుకుతుంది. పచ్చిది మాత్రం తీసుకోవద్దు, ఆరేటప్పుడు పగులుతుంది. పచ్చిదే దొరికితే రెండు కొసలకూ పెయింటు గానీ మైనం గానీ పూసి, ఎండ తగలని చోట నెమ్మదిగా ఆరనివ్వండి.