అండ లేని చిన్న సినిమా: థియేటరా, ఓటీటీయా?

ఉత్తరాంధ్ర_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేము కొందరు మిత్రులం సొంత డబ్బుతో, కొత్త నటులతో విశాఖలో తీసిన సినిమా ఎడిటింగ్ చివరి దశకు వచ్చింది. ఇక్కడి వీధుల్లో, ఇక్కడి మనుషులతోనే తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో అంతమంది ప్రేక్షకులను చేరడం చూశాకే మాకు ధైర్యం వచ్చింది. పెద్ద సంస్థ అండ లేకుండా థియేటర్‌కు వెళ్లడం మేలా, నేరుగా ఓటీటీకి ఇవ్వడం మేలా?

పంపిణీదారు_గుంటూరు:
మీరు చెప్పిన సినిమాను తీసినవారు కొత్తవారే, నిర్మాత అమెరికాలో గుండె వైద్యురాలు. కానీ థియేటర్లకు తెచ్చింది రానా సమర్పణలో సురేష్ ప్రొడక్షన్స్. 2016లో ‘పెళ్ళిచూపులు’కూ ఆ సంస్థ అండే దొరికింది. అంటే కెమెరా చవకై తీయడం సులువయింది గాని, తెర దగ్గర తలుపు మాత్రం పాత చేతుల్లోనే ఉంది. రీళ్ల ఖర్చు పోయిందనుకుంటే దాని స్థానంలో డిజిటల్ ప్రదర్శన సంస్థలకు కట్టే రుసుములు వచ్చాయి; వాటి మీద నిరసనగానే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు విడుదలలు ఆపేశారు. ఇక సింగిల్ స్క్రీన్లలో అద్దె పద్ధతి ఉన్నచోట హాలు ఖాళీగా ఉన్నా అద్దె కట్టక తప్పదు. 2025లో ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవారు) అద్దెకు బదులు వసూళ్లలో పర్సంటేజీ కావాలని పట్టుబట్టారు గాని, వారి చూపు పెద్ద సినిమాల వసూళ్ల మీద ఉంది, మీ కష్టం మీద కాదు. కాబట్టి ఓటీటీకే ఇవ్వండి.

పాత_ప్రేక్షకుడు:
పంపిణీదారు గారి లెక్క సరైనదే గాని, ముగింపుతో నేను ఏకీభవించను. 2021లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘సినిమా బండి’ వెనుక దర్శక ద్వయం రాజ్, డీకే నిర్మాతలుగా ఉన్నారు. పేరున్నవారి అండ అక్కడా అవసరమే అయింది. పైగా ఓటీటీ సంస్థలు ఇప్పుడు అంత ఉదారంగా కొనడం లేదు, థియేటర్లో ఎలా ఆడిందని ముందుగా అడుగుతున్నాయి. 1998లో నగేష్ కుకునూర్ పదిహేడు లక్షలతో ‘హైదరాబాద్ బ్లూస్’ తీసినప్పుడు ఆయనకు కలిసివచ్చింది నగరాల్లోని ఒక నిర్దిష్టమైన ప్రేక్షకవర్గం, రాష్ట్రమంతటా విడుదల కాదు. అంతకుముందు ‘మాభూమి’ హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగానే చాలాకాలం ఆడింది. కనుక యాభై తెరల మోజు వదిలి, విశాఖలో ఒక్క మల్టీప్లెక్స్‌లో వసూళ్లలో వాటా పద్ధతి మీద ఒక్క ఆట అడగండి. మొదటి వారం ఆ ఆట నిండితే రెండో ఊరి వారితో మాట్లాడడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. (పోస్టర్ల ఖర్చు కూడా ఒక ఊరికే పరిమితమవుతుంది, అది చిన్న విషయమేమీ కాదు.)

ఎడిటర్_కూకట్‌పల్లి:
థియేటర్‌కు వెళ్లాలంటే సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరి, ఓటీటీకి అది అక్కర్లేదు; ఆ సమయాన్ని విడుదల తేదీలో కలుపుకోండి. మీ నటులు స్థానికులంటున్నారు కదా, ఒక్కొక్కరితోనూ రాతపూర్వక ఒప్పందం ఉందా? వీధిలో వినిపించిన సినిమా పాట ఏదైనా హక్కులు తీసుకోకుండా సౌండ్‌లో మిగిలిపోయిందా? ఈ రెండింటికీ జవాబు లేకపోతే కొనేవారి న్యాయవాది మొదటి రోజే ఫైలు వెనక్కి పంపుతారు.