పైథాన్ సీ ఏపీఐలో (సీ కోడ్ పైథాన్‌తో మాట్లాడే ఫంక్షన్లలో) పేర్లు మారాయి, పాత ఎక్స్‌టెన్షన్ మీరెలా మార్చుకున్నారు?

గోదావరి_కోడ్:
మా ఆఫీసులో 2011 ప్రాంతంలో సీలో రాసిన ఎక్స్‌టెన్షన్, అంటే పైథాన్‌లోకి ఇంపోర్ట్ చేసుకునే మాడ్యూల్ ఒకటుంది. బార్‌కోడ్ స్కానర్ పంపే డేటా చదివి పైథాన్‌కి అందించడం దాని పని. ఇన్నేళ్లూ పైథాన్ 2.7 మీదే నడిచింది. ఇప్పుడు నేరుగా 3.13కి మార్చమన్నారు. కంపైల్ చేయగానే రెండు వందల పైచిలుకు ఎర్రర్లు. స్ట్రింగ్‌ల కోసం వాడిన పైస్ట్రింగ్ ఫంక్షన్లు లేవు, పూర్ణాంకాల పైఇంట్ లేదు, మాడ్యూల్‌ని మొదలుపెట్టే పాత ఇనిట్‌మాడ్యూల్ లేదు. ఫైండ్ అండ్ రీప్లేస్ చేసేస్తే సరిపోతుందా? వచ్చే వారమే డెమో, చాలా టెన్షన్‌గా ఉంది.

పాతసీ:
పైఇంట్‌ని పైలాంగ్‌గా మార్చడం వరకు చాలాచోట్ల ఇబ్బంది ఉండదు. పైస్ట్రింగ్ మాత్రం అలా మార్చకండి, దయచేసి. అది పేరు మార్చుకోలేదు, రెండుగా విడిపోయింది. మనుషులు చదివే అక్షరాలైతే పైయూనికోడ్, పరికరం నుంచి వచ్చే ముడి డేటా అయితే పైబైట్స్.

నేను అన్నిటినీ ఒక్క దెబ్బలో పైబైట్స్ చేసేశాను. ఒక్క వార్నింగ్ లేకుండా కంపైల్ అయింది. రన్ చేస్తే కీఎర్రర్, అంటే డిక్షనరీలో ఆ కీ లేదని. డిక్షనరీని ప్రింట్ చేస్తే 'పోర్ట్' అన్న కీ కళ్లముందే కనిపిస్తోంది, అడిగితే లేదంటోంది. చాలాసేపటికి ఆ కొటేషన్ ముందున్న చిన్న బి అక్షరం కంటపడింది, అంటే ఆ కీ బైట్స్, నేను అడిగింది యూనికోడ్. పైథాన్ 2లో మామూలు ఇంగ్లిష్ అక్షరాలైతే ఆ రెండు రకాలూ సమానమే, 3లో ఎప్పటికీ కావు. ఆ తర్వాత నూట నలభై చోట్లా ఒక్కొక్కటే చూసి తేల్చుకున్నాను, రెండు రోజులు పట్టింది.

ఒక మేలు ఏమిటంటే, 2.6, 2.7లోనే పైబైట్స్ పేర్లు మాక్రోలుగా (కంపైల్ అయ్యేముందు వేరే పేరుగా మారిపోయే మారుపేర్లుగా) ఉన్నాయి, అవి లోపల పైస్ట్రింగ్‌నే పిలుస్తాయి. కాబట్టి ఈ విడదీసే పని 2.7 మీదే చేసి, టెస్టులు పాసయ్యాక వెర్షన్ మార్చండి.

కృష్ణాతీరం:
పాతసీ గారు చెప్పింది తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి ఇంకా ముఖ్యం. మా లేబుల్ ప్రింటింగ్‌లో సరుకు పేరుకి 20 అక్షరాల హద్దు ఉండేది. 'కందిపప్పు'ని బైట్స్‌గా కొలిస్తే యూటీఎఫ్-8లో 27, పైయూనికోడ్ గెట్‌లెంగ్త్‌తో కొలిస్తే 9. పాత కోడ్ బైట్లు లెక్కపెట్టి పేరుని మధ్యలో కోసేది. అన్నట్టు, పైయూనికోడ్ గెట్‌సైజ్ అనే పాత ఫంక్షన్‌ని 3.12లో తీసేశారు, గెట్‌లెంగ్త్ వాడండి.

రాత్రిడ్యూటీ:
నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది. పాత పేర్లు కూడా ఉంచేస్తే ఏం పోయేది? ఇన్ని వేలమంది పని మానుకుని ఇదే చేస్తూ కూర్చోవాలా?

మెమరీలీక్:
బాధ అర్థమవుతుంది అన్నా. కానీ పేరు పోతే కంపైలర్ చెబుతుంది, లైన్ నంబర్‌తో సహా. ఉదాహరణకి, డిక్షనరీలోంచి కీని తీసేసే అండర్‌స్కోర్ పైడిక్ట్ పాప్ ఉండేది కదా, 3.13లో అండర్‌స్కోర్ లేని పైడిక్ట్ పాప్ వచ్చింది. పాతది విలువనే తిరిగిచ్చేది. కొత్తది దొరికితే 1, లేకపోతే 0, తప్పు జరిగితే మైనస్ 1 ఇస్తుంది, విలువని మూడో ఆర్గ్యుమెంట్‌లో పెడుతుంది. పాత పేరే ఉంచి ఈ మార్పు చేసి ఉంటే ఎంత గందరగోళం!

నాకు భయం వేసేది పేరు మారకుండా తీరు మారినవాటితోనే. గోదావరి గారూ, మీ కోడ్‌లో పైథాన్ పంపే ఆర్గ్యుమెంట్లని చదివే పైఆర్గ్ పార్స్‌టుపుల్‌కి హ్యాష్ గుర్తుతో ఫార్మాట్ (డేటాతో పాటు దాని పొడవు కూడా అడిగేది) ఇచ్చారేమో వెంటనే వెతకండి. 2.7లో ప్రత్యేక మాక్రో పెట్టకపోతే ఆ పొడవు మామూలు ఇంట్‌లోకి వచ్చేది. 3.10 నుంచి 3.12 వరకు ఆ మాక్రో లేకపోతే సిస్టమ్ఎర్రర్ వచ్చేది, అదే మనల్ని కాపాడేది. 3.13లో మాక్రో అవసరమే లేదు, పొడవు ఎప్పుడూ పైఎస్‌సైజ్‌టీ అనే పెద్ద పూర్ణాంక రకంగానే వస్తుంది. మీరు 2.7 నుంచి నేరుగా వస్తున్నారు కాబట్టి ఎర్రర్ ఏమీ రాదు. 64-బిట్ మెషీన్‌లో 4 బైట్ల ఇంట్‌లోకి 8 బైట్లు రాసేస్తుంది, పక్కనున్న వేరియబుల్ పాడవుతుంది.

పాతసీ:
పైథాన్‌సీఏపీఐ-కంపాట్ ప్రాజెక్టు కూడా చూడండి. కొత్త ఫంక్షన్లని పాత వెర్షన్లకి అందించే హెడర్ ఫైల్ ఒకటి, కోడ్‌ని మార్చే స్క్రిప్ట్ ఒకటి ఉంటాయి. ఆబ్జెక్ట్ ఏ రకమో చెప్పే పైటైప్‌కి నేరుగా విలువ వేసే లైన్లు 3.11 నుంచి కంపైల్ కావు. ఆ స్క్రిప్ట్ వాటిని పైసెట్‌టైప్‌గా మారుస్తుంది.

గోదావరి_కోడ్:
మెమరీలీక్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. గ్రెప్‌తో ఫైళ్లన్నీ వెతికితే హ్యాష్ ఫార్మాట్లు ఆరు చోట్ల ఉన్నాయి, ఆరింటిలోనూ ఇంటే. అన్నీ మార్చాను. పైస్ట్రింగ్‌లు 2.7 మీదే విడదీశాను, ముప్పై ఒకటి బైట్స్, మిగతావి యూనికోడ్. ఇప్పుడు 3.13లో కంపైల్ అవుతోంది. ఇంపోర్ట్ దగ్గర మాత్రం మాడ్యూల్ ఎక్స్‌పోర్ట్ ఫంక్షన్ లేదని ఇంపోర్ట్ఎర్రర్ వస్తోంది.

పాతసీ:
చివర్లో ఉండే ఇనిట్ ఫంక్షన్ పేరు చూడండి. 2లో 'ఇనిట్' తర్వాత మాడ్యూల్ పేరు ఉండేది, 3లో 'పైఇనిట్ అండర్‌స్కోర్' తర్వాత ఉండాలి. అది పైమాడ్యూల్ క్రియేట్ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ని రిటర్న్ చేయాలి, పాతదానిలా ఏమీ తిరిగివ్వని వాయిడ్ కాదు.

గోదావరి_కోడ్:
అదేనండీ. ఇంపోర్ట్ అయింది. స్కానర్ పెట్టి బిస్కెట్ ప్యాకెట్ చూపిస్తే పదమూడు అంకెలూ సరిగ్గా వచ్చాయి.