చవితి సోమవారం పడింది, ముందురోజు ఆదివారమే చేసేసుకోవచ్చా? (అమెరికా)

న్యూజెర్సీ అమ్మ:
అందరికీ నమస్తే అండీ. 2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం వచ్చింది. ఇద్దరం ఉద్యోగస్తులం, బాబు రెండో తరగతి, పాపకి ఇంకా మూడేళ్లు నిండలేదు. ఆదివారం అందరం ఇంట్లోనే ఉంటాం కదా, ప్రశాంతంగా అప్పుడే పూజ చేసుకుందాం అని మా ఆయన అంటున్నారు. అత్తయ్యగారేమో ఫోన్లో "తిథి లేని రోజు వ్రతం ఏంటమ్మా" అన్నారు. నాకు ఆవిడ మాట తీసెయ్యాలని లేదు, అలాగని సోమవారం పొద్దున్నే హడావిడిగా నాలుగు అక్షతలు వేసి ఆఫీసుకి పరిగెత్తడం అస్సలు ఇష్టం లేదు, పిల్లలకి ఇది పండగ అని తెలియాలి కదా! కిందటేడు ఇక్కడ గుడిలో ఆగస్టు 26న చేస్తే ఇండియాలో 27న చేశారు. మరి తేదీ అలా మారినప్పుడు ఒకరోజు ముందు చేసుకుంటే తప్పేంటి? పత్రి, నిమజ్జనం సంగతి కూడా ఎవరైనా చెప్పండి, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం.

పంచాంగం బాబాయ్:
అమ్మా, తేదీ మారింది మన వీలు కోసం కాదు. చవితికి మధ్యాహ్న వేళ తిథి ఉండాలి, అదీ మనం ఉన్న ఊరి మధ్యాహ్నం. 2025లో చవితి ఇండియా టైము ప్రకారం ఆగస్టు 26 మధ్యాహ్నం రెండు కావస్తుండగా మొదలై మర్నాడు మూడూ ముప్పావు దాకా ఉంది. మీ న్యూజెర్సీ గడియారం అప్పుడు తొమ్మిదిన్నర గంటలు వెనక, అంటే మీకు 26 తెల్లవారుజామునే మొదలై 27 పొద్దున ఆరుంబావుకే అయిపోయింది. అందుకే మీకు 26, వాళ్లకి 27. రెండూ సరైనవే. ఈసారి ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక గానీ మీకు చవితి రాదు, ఆ మధ్యాహ్నమంతా తదియే. సోమవారం రాత్రి పది దాకా ఉంటుంది. కాబట్టి అత్తగారి మాటే నిజం. మధ్యాహ్న సమయం మీ ఊళ్లో సుమారు పదకొండున్నర నుంచి రెండు దాకా. ఇద్దరిలో ఒకరికైనా ఇంటి నుంచి పని ఉంటే లంచ్ టైములో కూర్చోవచ్చు. బాబు స్కూలుకి ముందే ఉత్తరం రాయండి, పండగ కోసం మానేస్తే చాలా చోట్ల ఎక్స్‌క్యూజ్డ్ కిందే రాసుకుంటారు.

గరికమ్మ:
పత్రి ఇండియా నుంచి ఎవరితోనూ తెప్పించకండి. పచ్చి ఆకులు ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి, చేస్తే చాలావరకు తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా. ఇరవై ఒక్క ఆకులూ ఉంటేనే వ్రతం అనుకోవద్దు, దొరకని పేరు దగ్గర అక్షతలు వేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. గరిక మాత్రం వెతకండి, ఇక్కడ బెర్ముడా గ్రాస్ అంటారే, అదే మన గరిక, కాకపోతే మందు కొట్టిన లాన్‌లోది కోయొద్దు. గన్నేరు, ఉమ్మెత్త దొరికినా మీ ఇంట్లోకి తేకండి, రెండూ విషమే, మూడేళ్లు నిండని పిల్ల ఉన్న ఇల్లు! ఆకు కన్నా పిల్ల ముఖ్యం, వినాయకుడు ఏమీ అనుకోడు. సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగుతుందని బ్యాటరీ తీసేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, సాంబ్రాణి మానేసి హారతి చిన్న కర్పూరం బిళ్లతో కిటికీ దగ్గర ఇవ్వండి చాలు.

ఇద్దరు పిల్లల నాన్న:
బాబాయ్ గారు చెప్పింది ఒప్పుకుంటాను గానీ మీ ఆయన బాధ కూడా అర్థం చేసుకోవాలి, నలుగురూ రాకుండా పండగేంటి? మేం చేసే పద్ధతి చెప్తాను. సోమవారం వ్రతం, కథ, ఉండ్రాళ్లు (ఇడ్లీ పాత్రలోనే ఆవిరికి పెట్టేయొచ్చు), అంతవరకే. స్వామిని ఆ రోజే కదపకండి. నిమజ్జనం మూడో రోజు, అయిదో రోజు, ఏడో రోజు చేస్తారు కదా, సోమవారం నుంచి లెక్కేస్తే ఏడో రోజు సరిగ్గా ఆదివారం, 20వ తేదీ! స్నేహితుల్ని ఆరోజు పిలవండి. మధ్యలో రెండు పూటలా దీపం, ఏదో ఒక నైవేద్యం ఉండాలి, బెల్లం ముక్కయినా సరే, అది మీ బాబుకి అప్పజెప్పండి. పిల్లలకి పండగ తెలిసేది ఆ వారంలోనే అని నా నమ్మకం. బొమ్మ రంగుల్లేని పచ్చి మట్టిదే కొనండి, లేదా శనివారం పిల్లల చేత చేయించండి. పార్కుల్లో చెరువులో వేయడానికి చాలా ఊళ్లలో ఒప్పుకోరు. ఉద్వాసన చెప్పి పెద్ద బకెట్లో నీళ్లు పోసి అందులో దించితే రాత్రికల్లా కరిగిపోతుంది, ఆ నీళ్లు మొక్కలకి.

న్యూజెర్సీ అమ్మ:
ఏడో రోజు ఆదివారం అవుతుందన్న ఆలోచనే రాలేదండీ, మా ఆయనకి ఇప్పుడే చదివి వినిపించాను, సోమవారం ఆయన సెలవు పెడతానన్నారు. శమంతకమణి కథ పిల్లలకి తెలుగులోనే చదవాలని ఉంది, కానీ వ్రతకల్పం భాష బాబుకి అందదు. మీరెలా చెప్తున్నారు?

గరికమ్మ:
వ్రతకల్పం మీరు పైకి చదవండి, అక్షతలు అందరి చేతుల్లో ఉండాలి. తర్వాత అదే కథ వాడికి మామూలు మాటల్లో చెప్పండి, మణి ఎవరు తీశారు అని మధ్యలో అడుగుతూ ఉండండి. సింహం, జాంబవంతుడు వచ్చేసరికి వాడే కదలడు. అత్తగారిని వీడియో కాల్‌లో పెట్టాలంటే సోమవారం పదకొండున్నరకి మొదలుపెట్టండి, అక్కడ రాత్రి తొమ్మిది అవుతుంది, ఆవిడ పడుకోకముందే కథ వినొచ్చు.